మావ బండికి తోలు సీటు

తుఫాను వచ్చిన రోజు మా మావ మోటారు బండి మీద కొబ్బరి చెట్టు పడింది. ఆ రోజు మా ఉద్దానం ప్రాంతంలో దేని మీద కొబ్బరి చెట్టు పడలేదు గనక! ఇళ్ల మీద పడింది, పశువుల శాలల మీద పడింది, కరెంటు తీగల మీద పడింది. మావ తోటలో అయితే చెట్ల మీదే చెట్లు పడ్డాయి. తెల్లారేసరికి నిలబడి ఉన్నది ఒక్క పనస చెట్టు, దానికీ కొమ్మలు లేవు. మావ వెళ్లి చూశాడు. చెట్టు కింద నలిగిన బండిని మనుషుల చేత ఇంటికి మోయించుకొచ్చి వసారాలో పెట్టించాడు. ఆ తర్వాత మళ్లీ తోట వైపు అడుగు పెట్టలేదు.

మావ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను కాబట్టి రెండు దారుల్లోనూ మావే. వాళ్ల ఊరు బారువకు ఇవతల, ఇసుక దారిలో ఉంటుంది. నేను పుట్టి పెరిగింది పలాసను ఆనుకున్న కాశీబుగ్గ బజారులో. మా నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టలు, చిన్నాన్నది ఇనప సామాను. మా ఇళ్లలో పిల్లలకు అమ్మా నాన్నా అనడం కంటే ముందు "సివరికెంతకిత్తావు" అనడం వస్తుంది. నాకు పెళ్లిచూపుల్లో కాఫీ ఇస్తే కప్పు తిరగేసి అడుగున ఏ కంపెనీదో చూశానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. చూశాను. మంచి కప్పు.

తోటకు ఎందుకు వెళ్లవని అడిగితే మావ మోకాళ్లు చూపించేవాడు. ఆ మోకాళ్లే పేకాటకు పక్క ఊరు దాకా నడిపించుకు వెళ్లేవి. తోటకనేసరికి నొప్పి పుట్టేది. ఇసుకలో ఆటో వెళ్లదు. పోనీ ఎవరిదైనా బండి మీద వెనక కూర్చుని వెళ్లమంటే, "ఎవుడి ఈపు సూసుకుంటూ ఎల్లమంటావేటి? నా తోటకి నాను నా బండి మీదే ఎల్తాను. బండి నేదు. అయిపోయింది కదా" అనేవాడు.

తోటను పట్టించుకున్నది మా అత్త. తుఫాను తర్వాత సర్కారు పంచిన మొక్కలు తెచ్చి, కూలి మనుషుల్ని పెట్టి, తనూ గునపం పట్టి పాతింది. ఏళ్ల తరబడి బిందెలతో నీళ్లు మోసింది. మావను మాత్రం ఒక్కసారి కూడా రమ్మని అడగలేదు. ఆయనా ఎలా ఉన్నాయని అడగలేదు. ఒకే కంచం కడిగి ఒకే కంచంలో తినే మనుషులు, మధ్యలో అంత తోట ఉన్నా లేనట్టే బతికారు.

ఇలా ఉండగా టెక్కలిలో రాయి వ్యాపారం చేసే ఒక ఆసామి తోట అడిగాడు. ప్లాట్లు వేస్తాడట. మావ ఒక్క పూటలో ఒప్పుకున్నాడు. "పడిపోయిన తోటకి ఎవుడో ఒకడు డబ్బులిత్తానంటన్నాడు. ఒద్దంతానేటి?" అన్నాడు. బయానా ఇంకా ముట్టలేదు, మాట మాత్రం అయింది.

ఆ సంగతి తెలిసిన రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపింది.

"బావా, నాన్న బండి బాగుసెయ్యి."

"ఇప్పుడు బండెందుకే?"

"బండి ఉంటే ఎల్తాడు. ఎల్తే సూత్తాడు. సూసేక అమ్మితే అమ్మనీ, నాను నోరెత్తను. అమ్మ పెంచినవి కళ్లతో సూడకుండా అమ్మేత్తే మాత్రం నాకు కడుపు రగుల్తాది."

ఆమె అడిగింది బాగుచేయమని. నాకు వినిపించింది ఇంకొకటి. అంతకు ముందు చాలాకాలంగా నేను ఫోనులో పాతకాలపు తరహా బండ్లు చూస్తూ పడుకునేవాణ్ణి. గుండ్రటి దీపం, బల్లపరుపు సీటు, కోసేసిన మడ్‌గార్డు, ముదురు గోధుమరంగు తోలు. కంపెనీలవాళ్లు కొత్త బండిని పాతదానిలా కనిపించేటట్టు చేసి ఎక్కువ ధర చెబుతున్నారు. మా మావ వసారాలో ఉన్నది అచ్చంగా పాతదే. సరుకు ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికే తెలివితక్కువవాణ్ణా నేను?

మావతో బేరం సులువుగానే తేలింది. బండిని పాతసామాన్లవాళ్లు ఎంతమంది అడిగినా ఇవ్వని మనిషి, నేను బాగుచేస్తానంటే కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"రూపం మార్సేత్తావేటి?"

"కొంచెం, మావా. ఫేషను."

"రూపం నీ ఇష్టం. సప్పుడు మార్సకు."

పలాసకు బొండాలు తోలుకెళ్లే గూడ్సు ఆటో ఒకటి ఆ ఊరి నుంచి రోజూ బయల్దేరుతుంది. బొండాల మీద ఎక్కిస్తే బండికి కిరాయి ఉండదని లెక్క వేసుకుని, దిగేటప్పుడు బొండాలు దించడానికి నేనే సాయం పట్టాను. కిరాయి మిగిలింది, నడుము పట్టేసింది.

మా ఇల్లు కొట్టు వెనకే. ముందు కిరాణా, వెనక మేము, మధ్యలో సన్నటి వసారా. అక్కడ నూనె డబ్బాలు జరిపి బండి నిలబెట్టాను. నేను చూసే వీడియోలో గడ్డమాయన బండి కట్టే గరాజు మా వీధంత ఉంటుంది. గోడ నిండా పానాలు వరసగా వేలాడుతుంటాయి. నాకున్నవి రెండు పానాలు, ఒక సుత్తి, కొట్లో పప్పులు జల్లించే జల్లెడ. జల్లెడ ఎందుకంటే విప్పిన నట్లు అందులో వేసి కిరసనాయిలులో కడగడానికి. తర్వాత ఆ జల్లెడతో పప్పు జల్లించానని కొట్లో ఒకాయన అన్నాడు గానీ, అది నిజం కాదు. కొత్త జల్లెడ కొన్నాను.

ఇంజను విప్పడానికి ధైర్యం చాలక, తెలిసిన మెకానిక్కును ఇంటికే పిలిచాను. రింగులు మార్చి, కార్బొరేటరు కడిగి, లోపల అంతా బాగానే ఉందన్నాడు. పాడైందంతా పైనే. వంగిన ఛాసిస్‌ను టెక్కలి తీసుకెళ్లాను. అక్కడ రాళ్లు మోసే ట్రాలీలు వెల్డింగు చేసేవాడొకడున్నాడు. దాన్ని చూసి వాడు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు.

"ఇది బండేటి బావా, కొబ్బరి మట్టేటి?"

"కొబ్బరి చెట్టు పడినాది."

"పడితే పడినాది గానీ, దీన్ని సాపు సేసే బదులు ఇలాగే గుమ్మానికి తగిలించుకో. దిష్టి తగల్దు."

తిడుతూనే సాపు చేశాడు. పెట్రోలు టాంకు మీద చెట్టు పడినచోట అరచేయంత సొట్ట ఉంది. తీసేస్తానన్నాడు. దానికి వేరే చార్జీ అన్నాడు. "ఉండనియ్యి, అది డిజైను" అన్నాను.

మిగతా సామానంతా పలాస స్టేషను దగ్గర పాత ఇనప కొట్లోంచి వచ్చింది. అక్కడ నా పద్ధతి ఒకటే, పొద్దున్నే షట్టరు సగం లేచినప్పుడు వెళ్లాలి. మొదటి గిరాకీ ఉత్తి చేతులతో వెళ్లిపోతే ఆ రోజంతా వ్యాపారం అలాగే పోతుందని ఏ కొట్టువాడికైనా భయం. అందుకని బోణీ బేరాన్ని నష్టానికైనా తెంచుతాడు. మా నాన్న కొట్లో ఈ బాధ చూసి పెరిగినవాణ్ణి, దాన్ని ఇంకొకడి మీద ప్రయోగించడం నాకు నేర్పాలా? గుండ్రటి హెడ్‌లైటు అలాగే తెచ్చాను, పాత స్కూటరుది. హేండిలు బారు అలాగే తెచ్చాను. సైలెన్సరు కోసం వెళ్లిన రోజు మాత్రం కొట్టాయన బల్ల మీద కాళ్లు ఊపుతూ కూర్చుని నన్ను చూసి నవ్వాడు.

"రా బాబూ రా. బోణీ అయిపోనాది."

"ఇంత పొద్దున్నే ఎవుడు సేసేడు?"

"టీకొట్టోడికి ఒక బోల్టు అమ్మినాను. నీ కోసరమే. ఇప్పుడు ఆడు బేరం, ఎంతసేపాడతావో."

మంచి వ్యాపారి. ఆ రోజు ఆయన చెప్పిన ధరకే తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

టాంకుకు ముదురు పచ్చ రంగు వేశాను. చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ ఉప్పు కాగితంతో రుద్దాను. మా ఆవిడ మొదట్లో హేండిలు మీద తడి తువాళ్లు ఆరేసేది. రూపం వచ్చేకొద్దీ ఆరేయడం మానేసి, కూర తరుగుతూ అక్కడే పీట వేసుకుని కూర్చునేది. "బావా, బాగుందే" అని ఒకరోజు ఆమె నోట్లోంచి జారింది. ఆ మాటకు మాత్రం నేను బేరమాడలేదు.

ఇక సీటు. స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేత గేదె తోలుతో సీటు కుట్టించాను. కుట్టు బ్రహ్మాండం. రంగు మాత్రం పాలిపోయిన బెల్లంలా ఉంది. నాకు కావలసింది వీడియోలో గడ్డమాయన సీటు రంగు, ముదురుగా, నిగనిగలాడుతూ, తాతల నాటిదిలా. ఆ రంగు చిన్న సీసాల్లో పోస్టులో వస్తుందట. ధర చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

అప్పుడు నాకు బారువ పడవలు గుర్తొచ్చాయి. మత్స్యకారులు పడవల చెక్కకు జీడిపిక్కల డొప్పల్లోంచి తీసిన నూనె రాస్తారు. ఆ చెక్క ఉప్పునీళ్లలో ఎన్నేళ్లు నానినా కుళ్లదు. రంగంటే అదీ రంగు, ముదురు గోధుమలో నలుపు కలిసి, ఎండ పడితే లోపల్నుంచి మెరుస్తుంది. పలాసలో పుట్టి జీడి నూనె కొనుక్కుంటానా? జీడిపప్పు ఫేక్టరీ నడిపే స్నేహితుడొకడు ఒక డబ్బా ఉత్తినే ఇచ్చాడు. ఉత్తినే వచ్చినదాన్ని అనుమానించే అలవాటు మా వంశంలో లేదు.

మా ఆవిడ మూత తీయగానే వాసన పట్టింది.

"జీడి బావా అది. పొక్కుద్ది."

"పచ్చిగా ఉంటే పొక్కుద్ది. ఎండితే జీడి సచ్చిపోద్ది. పడవలోళ్లు కూసోడం నేదేటి?"

"ఆళ్లనడిగినావేటి?"

అడగలేదు. అడిగి ఉంటే, వాళ్లు దాన్ని కాచి, ఏమేమో కలిపి, వారాల తరబడి ఎండనిచ్చిన తర్వాతగానీ పడవ ముట్టుకోరని చెప్పేవాళ్లే. కానీ ఏదైనా అడిగితే ఎదుటివాడు అవసరం కనిపెట్టి ధర పెంచుతాడన్న భయం నాకు పుట్టుకతో వచ్చింది. మేడ మీద ఎండలో పెట్టి పూత మీద పూత వేశాను. హేండిలు పిడులకు చుట్టిన తోలుకు కూడా రాశాను. కొన్ని రోజులకు గోటితో గీరి చూస్తే ఏమీ అంటలేదు. రంగు మాత్రం నేను కలగన్నదే. ఆ సీటు ముందు నిలబడి నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

నడిపి చూశాను కూడా. అయితే మందపాటి జీన్స్ ప్యాంటు వేసుకుని, చేతులకు తోలు తొడుగులు తొడుక్కుని నడిపాను. పాతకాలపు బండి ఎక్కేవాడు అలా ఉండాలని వీడియోలో చూశాను మరి. ఊళ్లో మావ ఒంటి మీద ఏముంటుందో ఆ గడ్డమాయనకు తెలియదు, నాకైనా తెలియాలి కదా.

ఒక ఆదివారం మా ఆవిడను బస్సెక్కించి, నేను బండి మీద బయల్దేరాను. కొట్టు తమ్ముడికి అప్పజెప్పాను. మందస దగ్గర టీ కోసం ఆగితే జనం మూగారు.

"కొత్తదా బాబూ, పాతదా?"

"పాతదే. కొత్తగా పాతది సేసినాను."

"అయితే ఎంతకిత్తావు?"

నా జన్మలో మొదటిసారి, "అమ్మేది కాదు" అన్నాను. ఆ మాట అంటే ఇంత హాయిగా ఉంటుందని ముందే తెలిస్తే మా కొట్లో సగం సరుకు అమ్మేవాణ్ణి కాదేమో.

మావ వీధి గుమ్మంలోనే ఉన్నాడు. పంచె కట్టు, పైన తువ్వాలు. బండి చుట్టూ తిరిగాడు. దీపం చూశాడు, సీటు చూశాడు. టాంకు మీది సొట్ట దగ్గర ఆగి అందులో నాలుగు వేళ్లు పెట్టాడు.

"ఇది ఒగ్గేసినావే?"

"డిజైను మావా."

"డబ్బులడిగుంటాడు" అన్నాడు.

తర్వాత కిక్కు కొట్టాడు. చప్పుడు విని ఇంట్లోంచి అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి స్తంభం పక్కన నిలబడింది. మావ చెవి పక్కకు వాల్చి కాసేపు విన్నాడు, తల ఊపాడు, ఎక్కాడు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. వీధి చివర దారి రెండుగా చీలుతుంది, ఎడమకు వెళితే తోట, కుడికి వెళితే బారువ. మావ అక్కడ నెమ్మది చేశాడు.

కుడికి తిరిగాడు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. పొద్దు వాలే వేళకు వచ్చాడు. ముఖం నిండా దుమ్ము, దాని నిండా నవ్వు.

"ఏడేడ తిరిగినావు నాన్నా?" అని మా ఆవిడ అడిగింది.

"బారువెల్లినాను. ఇసకలో సేపల వలలు లాగుతుంటే సూసినాను. ఆడ్నుంచి సోంపేటెల్లి కాఫీ తాగినాను. మీ పెద్దమ్మనోసారి పలకరించినాను. బండి బంగారం. అల్లుడు సేసిన పనుల్లో పనికొచ్చినదిదొక్కటే."

"తోటకి?"

మావ కాళ్లు కడుక్కుంటూ, "ఎండ" అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఎల్లుండి ఆ టెక్కలాయన కారట్టుకొత్తానన్నాడు. అగ్రిమెంటు రాసేత్తే ఓ పనయిపోద్ది" అన్నాడు.

అత్త ఆయనకు తువ్వాలు అందించి లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపులో తిట్టు లేదు. ఉంటే బాగుండేది. ఇన్నాళ్లు నేను రుద్దిన పుల్లలు, తెంచిన బేరాలు, వేసిన రంగులు అన్నీ కలిపి మావను బారువ దాకా తీసుకెళ్లాయి గానీ, ఊరి చివరున్న తోటకు తీసుకెళ్లలేకపోయాయి.

మర్నాడు పొద్దున్న మావ అరచేతులు గోక్కుంటూ లేచాడు. మధ్యాహ్నానికి తొడలు గోక్కున్నాడు. దోమలన్నాడు, వేడి చేసిందన్నాడు, సోంపేట కాఫీని తిట్టాడు. ఆ మర్నాడు తెల్లవారేసరికి అరచేతుల నిండా నీటి పొక్కులు. పంచె కింది సంగతి ఆయన చెప్పలేదు. కాళ్లు ఎడంగా వేసుకుని, బాతులా నడుస్తూ వసారాలోకి వచ్చేసరికి చెప్పక్కర్లేకపోయింది.

అత్త ఆయన అరచెయ్యి వెలుతురులోకి లాగి చూసింది. చిన్నప్పట్నుంచీ జీడిపిక్కల మధ్య బతికిన ఊరు అది.

"ఇది జీడి. బాబూ, సీటుకేటి రాసినావు?"

నేను నేల చూశాను. మా ఆవిడ నా బదులు చెప్పేసింది. మొదట మా ఆవిడే నవ్వింది. అత్త నవ్వకూడదని చెంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది, గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆదివారం ఎర్రటి ఎండలో మావ పొద్దంతా తిరిగాడు. వేడెక్కిన తోలు లోపలి జీడిని చెమటలా బయటికి కక్కింది, పల్చటి పంచె దాన్ని హాయిగా పీల్చుకుంది.

"అల్లుడి మర్యాదలంటే పాత రోజుల్లో మనం ఆడికి సేసేవోళ్లం" అన్నాడు మావ నిలబడే. "ఇప్పుడు ఆడే మనకి సేత్తన్నాడు."

జీడికి మందు కొబ్బరి నూనె. పిక్కలు కొట్టే ఆడవాళ్లంతా అదే రాసుకుని కూర్చుంటారు. అత్త లోపలికెళ్లి చిన్న గాజు సీసా తెచ్చింది. మావ అరచేతిలో పోసి మెల్లగా రాసింది. ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుఫాను తర్వాత ఆ ఇంట్లో వాడేది కొట్లో కొన్న పేకెట్టు నూనె. కొబ్బరి రైతు ఇంటికి అంతకంటే తలవంపు ఉండదు కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

"ఇది పేకెట్టుది కాదే. ఏడది?"

"మనదే."

"మనదా? మనకేడున్నాయి కాయలు?"

"మన తోటయ్యే. నిరుడు కాసినయి. గానుగాడించినాను."

"సెప్పలేదే?"

"నువ్వడగలేదు కదా" అంది అత్త, రెండో చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని రాస్తూ.

మావ మిగిలిన చోట్ల రాసుకోవడానికి సీసా పట్టుకుని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆయన బయటికి వచ్చేసరికి టెక్కలి ఆసామి కారు వాకిట్లో ఉంది. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, మంచి మాట తీరు. నేనాయన్ని చెడ్డవాడని అనను. వచ్చినవాడు కుర్చీలో కూర్చున్నాడు. మావ నిలబడ్డాడు.

"కూకోండి బావగారూ."

"మీరు కూకోండి. నాను కూకోలేను."

"ఏటయినాది?"

"అల్లుడు సీటు సేయించినాడు."

ఆయనకు అర్థం కాలేదు. నేను వివరించాను. ఎలా చెప్పినా నా పరువు ఎక్కడా మిగల్లేదు. ఆయన నవ్వాపుకుని, కారు వెనక సీటులో దుప్పటి పరుస్తాను, టెక్కలి దాకా పడుకుని రండి అన్నాడు.

"పడుకునెల్తే అగ్రిమెంటుకెల్లినట్టుండదు బాబూ, ఆసుపత్రికెల్లినట్టుంటాది" అన్నాడు మావ.

కూర్చోలేని మనిషికి ఇంట్లో చేసే పని ఏముంటుంది? మంచం లేదు, కుర్చీ లేదు, పేకాట లేదు. వసారాలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేశాడు. వాకిట్లోకి దిగాడు. పంచె రెండు చేతులా ఒంటికి ఎడంగా పట్టుకుని వీధిలోకి నడిచాడు. గాలి తగిలితే సుఖంగా ఉందనుకుంటాను, ఆగలేదు. ఆసామి లేచాడు, నేనూ లేచాను. వీధి చివరకు వచ్చాడు.

ఎడమకు తిరిగాడు.

మేం ఇద్దరం వెనక నడిచాం. ఆసామి బూట్లలోకి ఇసుక దూరుతోంది, మధ్య మధ్య ఆగి దులుపుకుంటున్నాడు. మావ మోకాళ్ల మాట ఎత్తలేదు.

నేనూ ఆ తోట చూసి చాలాకాలమైంది. పాత తోట ఎత్తుగా ఉండేది, లోపల నడిస్తే నీడలో నడిచినట్టుండేది. ఇది వేరు. చెట్లు మనిషికి అందేటట్టున్నాయి. మట్టలు మొహానికి తగులుతున్నాయి. ప్రతి చెట్టు మొదట్లో గుండ్రంగా పాదు, పాదులో తేమ ఆరకుండా బోర్లించిన కొబ్బరి పీచు డొక్కలు. ముందు వరసలో కొన్నింటికి గెలలు వచ్చాయి, పిందెలు గుప్పెడంత ఉన్నాయి. కొమ్మలు విరిగిన ఆ పనస చెట్టు కూడా మళ్లీ చిగిర్చి గుబురుగా ఉంది.

మావ మొదటి చెట్టు దగ్గర ఆగాడు. అరచేతులు పొక్కులు కదా, మణికట్టు వెనక వైపుతో కాండాన్ని నొక్కి చూశాడు. తర్వాత ఇంకో చెట్టు, ఆ తర్వాత ఇంకోటి. చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. నేనాయన ముఖంలోకి చూడదలుచుకోలేదు. ఆయనే మాట్లాడాడు.

"సూడు ఈ వరస. ఎలా వంకర పోయిందో. తాడు కట్టకుండా పాతినాది. ఇంత దగ్గిరగా పాతితే రేపు మట్టకి మట్ట కొట్టుకోదేటి?"

"అవును మావా."

"ఈ మూల ఎర్రమన్నెయ్యాల. ఏసిందా? నేదు. ఎవుడు సెప్తాడు దానికి?"

ఆసామి దగ్గరికి వచ్చాడు. "బావగారూ, అయితే నిలబడే రాసేద్దాం. కాయితాలు ఇక్కడికే తెప్పిత్తాను. మనం అనుకున్నదేకదా?"

మావ పాదులో పక్కకు జరిగిన డొక్కను కాలితో సరిచేస్తూ ఒక ధర చెప్పాడు.

మావ చెప్పిన ధరకు బారువ నుంచి కవిటి దాకా సముద్రం ఒడ్డంతా కొనవచ్చు. బజారులో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. మా వ్యాపారంలో 'ఇవ్వను' అని మొహాన అనడం అమర్యాద. కొనేవాడు తనంతట తనే లేచి వెళ్లిపోయే ధర చెబుతాం, అప్పుడు ఎవరి మాటా పోదు. ఆసామికీ అర్థమయ్యే ఉంటుంది, ఆయనా వ్యాపారే.

"మొన్న అనుకున్నది ఇది కాదు కదండీ" అన్నాడు మెల్లగా.

"మొన్న నాను తోట సూడ్లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. అల్లుణ్ణి, పైగా కాశీబుగ్గ కొట్టు మనిషిని, మధ్యలో కూర్చుని తెగ్గొడతాననుకున్నాడు. నోరు తెరిస్తే ఏదో ఒక ధర దగ్గర కుదిర్చేసే దురలవాటు నాది. అందుకే పెదవులు బిగించి, చెట్టు మీదికెళ్తున్న చీమల్ని చూస్తూ నిలబడ్డాను. నా బతుకులో అంత కష్టపడి ఆడిన బేరం ఇంకోటి లేదు. కాసేపు చూసి, ఆయన దణ్ణం పెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

మేం ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. మా ఆవిడ పక్కన నిలబడి ఉంది. కారు వెళ్లిపోవడం ఇద్దరూ చూశారు.

"ఏటయినాది?" అంది అత్త, చేపల మీంచి చూపు ఎత్తకుండా.

"ధర కుదర్లేదు" అన్నాడు మావ.

అత్త చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. మా ఆవిడ మాత్రం లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది, అడక్కుండానే.

మావ ఇంకా నిలబడే ఉన్నాడు. "పడమటేపు వరస వంకరగా పాతినావు. తాడు కట్టుకోవాలని తెల్దేటి నీకు?"

"తాడట్టుకోడానికి రెండో సివర ఎవుడున్నాడు?" అంది అత్త.

మావ తోట వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఆ మూలయి రెండూ పీకి ఎడంగా పాతాల" అన్నాడు.

"పీకు, సూత్తాను. నా సెట్టు మీద సెయ్యేసి సూడు."

"నీ సెట్టా?"

"మరెవుడిది? నీళ్లెవుడు మోసినాడు?"

మావ కూర్చుని వాదించలేక నిలబడే వాదించాడు. ఎర్రమన్ను గురించి, డొక్కల గురించి, ఏ చెట్టుకు ఎన్ని బిందెల నీళ్లు పోయాలో దాని గురించి. అత్త చేపలు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఏళ్ల తరబడి తోట గురించి ఒక్క మాట అనుకోని ఇద్దరూ ఆ పూట పక్కింటివాళ్లు తొంగిచూసేటంత గట్టిగా అనుకున్నారు. నేను మజ్జిగ తాగి, గోనె సంచి ఒకటి అడిగి తీసుకుని, సీటుకు నాలుగు మడతలు చుట్టడం మొదలుపెట్టాను.